పదిహేడో ఎక్కం, ఐస్ ముక్క, డయాలసిస్ సూది

రక్తపరీక్షకు మామూలుగా వాడే సూది 21 లేదా 22 గేజ్ ఉంటుంది. లావు మిల్లీమీటరు కూడా ఉండదు. డయాలసిస్‌కి ఫిస్టులాలో, అంటే చేతిలో ఆపరేషన్ చేసి లావెక్కించిన సిరలో, గుచ్చేది మొదట్లో 17 గేజ్, చేయి తయారయ్యాక 16, కొందరికి 15. గేజ్ లెక్క తిరగేసి ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ సూది లావెక్కుతుంది. 16 గేజ్ అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది. దాని ఫొటో చూపిస్తే మా అమ్మ "ఇది సూది కాదురా, గోనెసంచులు కుట్టే దబ్బనం" అంది. అంత లావు ఎందుకంటే, మిషన్ నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం లాగి, శుభ్రం చేసి తిరిగి పంపాలి. సన్న సూదిలోంచి అంత రక్తం రాదు. లాగడానికి ఒకటి, తిరిగి ఎక్కించడానికి ఒకటి, మొత్తం రెండు సూదులు. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ళకి ఏడాదికి 312 పోట్లు. లెక్కల టీచర్ని కదా, ఈ గుణకారం మొదటి వారంలోనే చేసి కూర్చున్నాను.

మాది మూసారంబాగ్. ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. షుగరు, బీపీ కలిసి నా కిడ్నీల పని పట్టాయి. మొదట్లో మెడ దగ్గర క్యాథెటర్ వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఆ పైపుకే మిషన్ గొట్టాలు తగిలిస్తారు కాబట్టి సూదులతో పనిలేదు. ఇదేదో బాగానే ఉందనుకునేలోపే డాక్టరు ఫిస్టులా చేయించుకోమన్నారు. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. 1966లో అమెరికాలో బ్రెషియా, చిమినో అనే డాక్టర్లు, వాళ్ళ బృందం ఈ పద్ధతిని ప్రచురించారు. ధమని ఒత్తిడికి సిర ఉబ్బుతుంది, గోడ మందమవుతుంది, లావు సూదుల్ని తట్టుకునేలా తయారవుతుంది. అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ వారాలన్నీ మెత్తటి బంతి పిసుకుతూ, పొద్దున లేవగానే చేతిమీద వేళ్ళు పెట్టి లోపల జుమ్మని అదురుతోందా లేదా అని చూసుకుంటూ గడిపాను. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, వాచీ పెట్టుకోకూడదు, సంచులు మోయకూడదు. పెళ్ళికూతురి చేయి కన్నా ఎక్కువ మర్యాద దానికి.

మెడ పైపుతోనే ఉంటానని మొండికేసేవాళ్ళు మా సెంటర్లో ఇప్పటికీ ఉన్నారు. అడిగితే ఒకరు ఆపరేషన్ ఖర్చంటారు, ఒకరు తీరిక లేదంటారు. కాస్త చనువు పెరిగాక అసలు సంగతి బయటపడుతుంది, సూదులంటే భయం. పైపుతో ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోయే ప్రమాదం ఫిస్టులాతో కన్నా చాలా ఎక్కువని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా వినరు. సూది నొప్పి చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోనిది ఇందుకే. మనుషులు దానికి భయపడి ప్రాణాలమీదకి తెచ్చుకుంటున్నారు.

అయినా దాని గురించి ఎవరూ మాట్లాడరు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు బరువు ఎంత పెరిగింది, హిమోగ్లోబిన్ ఎంత, ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటే వేసుకుంటున్నావా అని అడుగుతారు. సూది ఎలా ఉందని అడగరు. మనమూ చెప్పం. పక్క బెడ్ మీద డెబ్బయ్యేళ్ళ పెద్దమ్మ కిక్కురుమనకుండా గుచ్చించుకుంటుంటే, నలభై దాటిన మగవాడు "నొప్పి" అని ఎలా అంటాడు? నా సంగతి చెప్పాలంటే, పోటు కన్నా ముందురోజు సాయంత్రం నన్ను ఎక్కువ తినేసేది. మర్నాడు డయాలసిస్ ఉందంటే రాత్రి అన్నం సయించదు. పొద్దున ఆటోలో మలక్‌పేట దాటేసరికి అరచేతులు చెమటలు పట్టేవి. ఆరింటి షిఫ్టుకి మెట్రో అందదు, పోయేటప్పుడు ఆటో తప్పదు. వచ్చేటప్పుడు మాత్రం ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కి కూర్చుంటే నేరుగా ఇంటికి.

ఆ రోజుల్లో మా యూనిట్‌కి ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఒకరు ప్రాజెక్టు పనిమీద వచ్చింది. ఫైలు పట్టుకుని బెడ్ బెడ్‌కీ తిరుగుతూ "సూది గుచ్చినప్పుడు నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అంకుల్?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అంతకుముందు అడగలేదు. ఏడు అన్నాను. "భయమో?" అంటే తొమ్మిది అన్నాను. ఆ అమ్మాయి కాలమ్ ఒకటే గీసుకుని వచ్చింది, నొప్పికి మాత్రమే. నేను ఇంటికెళ్ళి స్కూలు నోట్‌బుక్కులో రెండు కాలమ్‌లు గీశాను. ప్రతి డయాలసిస్ అయ్యాక ఒకదాంట్లో నొప్పి, ఒకదాంట్లో భయం, పదికి ఎంతో వేయడం మొదలుపెట్టాను. మందులు కాకుండా మిగతా ఉపాయాల్లో ఏది పనిచేస్తుందో ఒక్కొక్కటే పట్టి చూద్దామనుకున్నాను. రెండు మూడు ఒకేసారి మొదలుపెడితే ఏది దేనివల్ల తగ్గిందో తెలియదు. ఒక సమీకరణంలో రెండు అవ్యక్తాలు ఉంటే విలువలు తేలవని పిల్లలకి రోజూ చెప్పేదే.

మొదట ఐస్. ఈ సంగతి చెప్పింది కూడా ఆ అమ్మాయే. గుచ్చే చోట ఐస్ పెట్టుకోవాలేమో అనుకున్నాను. కాదట. ఫిస్టులా లేని రెండో చేతికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉబ్బుగా ఉండే చోట రుద్దాలట. చైనా ఆక్యుపంక్చర్‌లో ఆ చోటుని హోకు అంటారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 60 మంది డయాలసిస్ పేషెంట్లతో ఇదే చేసి చూశారు, ఆ వ్యాసం 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ నెఫ్రాలజీలో వచ్చింది. ఐస్ రుద్దినవాళ్ళకి నొప్పి తగ్గిందని తేలింది. సూది ఎడమ చేతికైతే ఐస్ కుడి చేతికి ఏమిటని నా తలకాయకి ఎక్కలేదు. అడిగితే రెండు కారణాలు చెప్పింది. ఫిస్టులా చేతిమీద చల్లదనం పెడితే సిర ముడుచుకుంటుంది, సూది దిగడం ఇంకా కష్టం. రెండోది, ఒకచోట గట్టి చలీ పోటూ తగిలితే శరీరం ఇంకోచోటి నొప్పిని తనంతట తానే అణచిపెడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పిన సిద్ధాంతం కూడా ఒకటుంది. వెన్నుపాములో గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శా ఒత్తిడీ మోసుకొచ్చే నరాలు చురుగ్గా ఉంటే నొప్పి కబురుకి ఆ గేటు కొంత మూసుకుంటుందనీ. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చేత్తో రాసుకుంటాం చూడండి, అదన్నమాట.

ఐస్ తీసుకెళ్ళడం ఒక పని. ట్రేలో చేసిన ముక్కలు రుద్దుతుంటే వేళ్ళ సందుల్లోంచి జారి బెడ్ కిందకి పోయేవి. ఆయా తిట్టేది. తర్వాత మా ఆవిడ ఉపాయం కనిపెట్టింది. టీ తాగే చిన్న కాగితపు కప్పులో నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెడుతుంది. పొద్దున దాన్ని టిఫిను ఫ్లాస్కులో వేసి ఇస్తుంది. బెడ్ మీద కూర్చున్నాక కప్పు పై అంచు ఒక అంగుళం చింపేస్తే ఐస్ బయటికి వస్తుంది, కింది సగం కాగితం పట్టుకోవడానికి పనికొస్తుంది. టెక్నీషియన్ మిషన్‌లో సెలైన్ నింపి గొట్టాల్లో గాలి తీసేసే పని చేస్తున్నంతసేపూ, సుమారు పది నిమిషాలు, నేను కుడిచేతిమీద గుండ్రంగా రుద్దుతూ ఉంటాను. మొదట చురుక్కుమంటుంది, తర్వాత ఎముకలోంచి లాగుతున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత మొద్దుబారుతుంది. కప్పు పట్టుకోవడం మా ఆవిడకిచ్చి రెండో సూది దిగేదాకా ఆపకుండా రుద్దమంటాను. షుగరు వల్ల చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్ళు దీన్ని డాక్టరునడిగే చేయాలి. ఐస్ ఎక్కువై చర్మం కాలినా వాళ్ళకి తెలియదు. నా చేతుల్లో స్పర్శ బాగానే ఉందని పరీక్షించి చెప్పాకే మొదలుపెట్టాను.

నోట్‌బుక్కులో నొప్పి కాలమ్ ఏడు నుంచి నాలుగుకి దిగింది. ఒకటి రెండుసార్లు మూడు కూడా వేశాను. భయం కాలమ్ మాత్రం తొమ్మిదీ, ఎనిమిదీ. అక్కడే ఉంది.

ఐస్‌తో ఒక బాధ ఉంది, డయాలసిస్ వాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కాదు. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని కొలత పెట్టుకుని, నాలుక పిడచకట్టుకుపోయి బతికేవాళ్ళం. అలాంటి మనిషి చేతిలో ఐస్ కప్పు పెడితే అది చేతిమీద రుద్దుకునేదిగా కనిపించదు. ఎండాకాలంలో మరీను. మా ఆవిడ పక్కన కూర్చునేది సగం రుద్దడానికి, సగం కాపలాకి.

ఇక భయం సంగతి. ఊపిరి మీద ధ్యాస పెట్టమని చాలామంది చెప్పారు. మా స్కూలు పీఈటీ సారైతే ప్రాణాయామం వీడియోలు పంపుతూనే ఉంటాడు. బెడ్ మీద పడుకుని, సూది కళ్ళముందు కనిపిస్తుంటే, ఊపిరి మీద ధ్యాస నిలవదు. ఇంట్లో కూర్చుని అలవాటు చేసుకుంటే గానీ అక్కడ అక్కరకి రాదు. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, నోటితో ఆరు లెక్కపెడుతూ వదలడం. బిగబట్టడం లేదు, బలవంతం లేదు. రోజూ రాత్రి పడుకునేముందు చేసేవాణ్ణి. కొన్నాళ్ళకి మా టెక్నీషియన్‌తో ఒక ఒప్పందానికి వచ్చాను. అతను నల్లగొండ వైపు కుర్రాడు, చేయి తేలిక. నేను ఊపిరి వదలడం మొదలుపెట్టాకే గుచ్చాలి, పీలుస్తున్నప్పుడు గుచ్చకూడదు.

"మీరు ఇడిసేది నాకెట్ల తెలుస్తది సార్?" అన్నాడు.

"నోటితో ఊదుతాను, చప్పుడు వస్తుంది."

"అయితే జెర గట్టిగ ఊదుండ్రి. మిషిన్ల లొల్లిల నాకు ఇనబడాలె."

ఊపిరి వదిలేటప్పుడు భుజమూ మోచేయీ వాటంతటవే వదులవుతాయి. పీల్చి బిగబడితే ముంజేయి కర్రలా అవుతుంది. అది నాకన్నా ముందు అతనికే తెలిసింది. "ఇప్పుడు చెయ్యి మంచిగ లూజ్ ఉంది సార్, సూది అల్కగ పోతుంది" అన్నాడు. ఎప్పుడు గుచ్చాలో చెప్పేది నేనే కావడం కూడా పనిచేసిందనుకుంటాను. అంతకుముందు కళ్ళు మూసుకుని ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఇప్పుడు సిద్ధమైనప్పుడే ఊదుతాను. సిద్ధంగా లేకపోతే ఇంకోసారి పీలుస్తాను, అతను ఆగుతాడు. భయం కాలమ్‌లో మొదటిసారి ఐదు వేసింది అప్పుడే.

ఊపిరికి ఎక్కం కలిపింది మాత్రం నా సొంత తెలివి. సూది గేజ్ పదిహేడు కదా అని పదిహేడో ఎక్కం పట్టుకున్నాను. పదిహేడు ఒకట్లు పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. బుర్ర ఒకేసారి రెండు పనుల మీద గట్టిగా నిలబడలేదు. అయితే ఆ పని కాస్త కష్టంగా ఉండాలి. రెండో ఎక్కం, ఐదో ఎక్కం నోరు తనంతట అదే చదివేస్తుంది, మనసు సూది దగ్గరే ఉంటుంది. పదిహేడు ఏడ్లు దగ్గర ఆగి ఆలోచించాలి. కొన్ని నెలలకి అది కూడా కంఠతా వచ్చేసి పనిచేయడం మానేసింది. పందొమ్మిదికి మారాను. ఇప్పుడు వెయ్యిలోంచి పదమూడేసి తీసేస్తూ వెనక్కి వస్తున్నాను. తొమ్మిది వందల ఎనభై ఏడు, తొమ్మిది వందల డెబ్బై నాలుగు. సూది రెండూ అయిపోయాక కూడా ఒక్కోసారి కొనసాగిస్తాను, మధ్యలో వదిలేయడం ఇష్టం ఉండదు.

పాటలు నాకు పనికిరాలేదు. చాలామందికి పనిచేస్తాయి, సంగీతం మీద అధ్యయనాలూ ఉన్నాయి, కాదనను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే టెక్నీషియన్ "గుచ్చుతున్న సార్" అన్నది వినబడదు. చెప్పకుండా పడిన పోటు రెట్టింపు నొప్పి. రెండుసార్లు చూసి వదిలేశాను.

వాసనల సంగతి కూడా చూశాను. లావెండర్ నూనె వాసన పీలిస్తే ఫిస్టులా సూది నొప్పి తగ్గుతుందేమోనని ఇరాన్, టర్కీల్లో నర్సులు చాలా పరిశోధనలే చేశారు. నాకు లావెండర్ అంటే బాత్రూమ్ ఫ్రెష్‌నర్ గుర్తొస్తుంది. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో వట్టివేళ్ళ అత్తరు కొనుక్కుని రుమాలుకి ఒక చుక్క రాసుకుని వెళ్ళాను. నొప్పి నాలుగే, భయం ఐదే, ఏమీ కదల్లేదు. ప్రాణానికి హాయిగా మాత్రం ఉంది. ఏసీ గది, కిటికీలు మూసి ఉంటాయి. అవతలి బెడ్ ఆయనకి ఆయాసం, ఆ వాసనకి దగ్గు మొదలైంది. ఇక తీసుకెళ్ళలేదు.

వాల్సాల్వా అని ఇంకో పద్ధతి ఉంది. నోరూ ముక్కూ మూసుకుని, గాలి బయటికి రాకుండా బలంగా ఊదాలి, ఆ ఒత్తిడిలో సూది గుచ్చుతారు. నొప్పి తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మా డాక్టరుగారు నాకు మాత్రం వద్దే వద్దన్నారు. షుగరు వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిని లేజర్ చేయించుకున్నవాణ్ణి. అలా ముక్కితే కంట్లో ఒత్తిడి పెరిగి రక్తం చిమ్మవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ మంచిది కాదట. డయాలసిస్ వాళ్ళలో బీపీ, గుండె, కళ్ళు మూడూ బాగున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకే ఎవరైనా ఇది చేసి చూడమంటే ముందు డాక్టరునడగండి. గుచ్చే క్షణంలో దగ్గడం అనే ఉపాయం కూడా విన్నాను. మా టెక్నీషియన్ ఒప్పుకోలేదు. ఇంత లావు సూది దిగుతున్నప్పుడు చేయి కదిలితే అది సిర వెనక గోడ కూడా చీల్చుకుని అవతలికి పోతుందన్నాడు. అలా పోయినవాళ్ళ చేయి నల్లగా కమిలి వాచిపోవడం నేనే చూశాను. ఆ చేయి మానేదాకా మళ్ళీ మెడలో పైపు.

అన్నిటికన్నా ఎక్కువమంది వాడే ఉపాయం ఒకటుంది, ఏ పుస్తకంలోనూ దాన్ని మెచ్చుకోరు. పాత చోటే గుచ్చమని అడగడం. ఒకేచోట పదేపదే గుచ్చితే అక్కడ చర్మం మొద్దుబారుతుంది, నొప్పి నిజంగానే తగ్గుతుంది. పక్క బెడ్ పెద్దమ్మ కిక్కురుమనకపోవడానికి కారణం అదేనని నాకు తర్వాత తెలిసింది. "కొత్త జాగల గుచ్చకు బిడ్డా, ఆడనే గుచ్చు" అని ఆమె మొదటినుంచీ అడిగింది, గుచ్చేవాళ్ళకీ ఆ చోటు సులువు. ఇప్పుడు ఆమె ముంజేతిమీద రెండు నిమ్మకాయలంత ఉబ్బులు. ఒకేచోట పొడిచి పొడిచి సిర గోడ బలహీనపడి, లోపలి ఒత్తిడికి అలా ఉబ్బిపోతుంది. చర్మం పలచబడి నిగనిగలాడితే పగిలే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకని సిర పొడుగునా నిచ్చెన మెట్లెక్కినట్టు, ప్రతిసారి కొంచెం పైకి జరుపుకుంటూ పోవాలి, చివరికి వెళ్ళాక మళ్ళీ కిందినుంచి మొదలు. మెట్టు మారినప్పుడల్లా కొత్త చర్మం, కొత్త నొప్పి. ఐస్, ఊపిరి, ఎక్కం ఇవన్నీ నాకు అసలు పనికొచ్చింది ఇక్కడే. అవి లేకపోతే నేనూ పెద్దమ్మ లాగే పాత చోటే అడిగి ఉండేవాణ్ణి. కిడ్నీ మార్పిడి కోసం, చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఉన్నాను, నిమ్స్ ఆసుపత్రి నుంచి ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియదు. అప్పటిదాకా ఈ ఒక్క చేయీ నాతో నడవాలి.

ఒకే రంధ్రంలో గుచ్చే శాస్త్రీయమైన పద్ధతి కూడా ఉంది, బటన్‌హోల్ అంటారు. ఒకే మనిషి, ఒకే కోణంలో, ఒకే లోతులో కొన్నాళ్ళు గుచ్చితే చెవి కుట్టు రంధ్రం మాదిరి దారి ఏర్పడుతుంది. తర్వాత మొన లేని సూదితో నొప్పి పెద్దగా లేకుండా పోవచ్చు. దానికి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ, పైన కట్టిన పక్కుని ప్రతిసారి జాగ్రత్తగా తీసి శుభ్రం చేయాలి. మా దగ్గర షిఫ్టు మారితే మనిషి మారతాడు కాబట్టి కుదరదని డాక్టరుగారు తేల్చేశారు.

గుచ్చే మనిషి చేతిలో ఉన్న చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి, అడిగితే చేస్తారు. స్పిరిట్ రాసిన వెంటనే గుచ్చితే ఆ తడి లోపలికి పోయి భగ్గుమంటుంది. ఆరేదాకా ఆగితే ఆ మంట ఉండదు. చర్మాన్ని కిందికి లాగి బిగువుగా పట్టుకుని గుచ్చితే సూది సాఫీగా దిగుతుంది, నొప్పీ తగ్గుతుంది. ఏసీ కింద చేయి చల్లబడకుండా నేను మోచేతిదాకా స్వెటర్ చేయి ఒకటి కత్తిరించి తొడుక్కుంటాను, గుచ్చేముందు తీస్తాను. తీసేటప్పుడు కూడా ఒకటి గమనించాలి. సూది పూర్తిగా బయటికి వచ్చాకే దూది పెట్టి నొక్కాలి. లోపల ఉండగానే నొక్కితే సూది అంచు సిర గోడని కోస్తుంది. ఇంటికి వెళ్ళే తొందరలో ఇది మర్చిపోయేవాళ్ళు ఉంటారు, గుర్తుచేయడానికి మొహమాటపడకూడదు. టేపుకి వెంట్రుకలు అంటుకుని ఊడొచ్చే నొప్పి గురించి చెప్పేదేముంది, దూదితో టేపుని తడిపి మెల్లగా తీయమంటాను.

చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఎందుకు వాడలేదని అడుగుతారు. వాడాను, పనిచేస్తుంది. దాదాపు గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. ఆరింటి షిఫ్టుకి తెల్లవారుజామున లేచి, ఆవేళ ఏ మెట్టులో గుచ్చుతారో ఊహించి రాసుకోవాలి. నేను రాసిన చోటు ఒకటి, అతను ఎంచుకున్న చోటు ఇంకోటి అయ్యేది. కుదిరేవాళ్ళు వాడుకోవచ్చు.

నోట్‌బుక్కు ఇప్పుడు రోజూ రాయడం లేదు. మామూలు రోజుల్లో నొప్పి మూడు నాలుగు, భయం రెండు. రాత్రి అన్నం తింటున్నాను. మా టెక్నీషియన్ సెలవు పెట్టి కొత్తవాళ్ళు వచ్చిన రోజు మాత్రం భయం ఆరు దాటుతుంది, ఐసూ ఎక్కమూ ఏమీ చేయలేవు. ముందే చెప్పేస్తాను, "అన్నా, నేను ఊదినాక గుచ్చు, మొదటిసారి దిగకపోతే లోపల కెలకకు, తీసేసి ఇంకొకర్ని పిలువు" అని. కొందరు నవ్వి సరే అంటారు. ఒకాయన ముఖం మాడ్చుకున్నాడు, అయినా ఊదేదాకా ఆగాడు.

ఈ మధ్య మెడ పైపు తీయించుకుని ఫిస్టులాకి మారిన ఒక డిగ్రీ కుర్రాడికి కప్పు ఐస్ సంగతి చెప్పాను. ఐస్ నచ్చింది, ఊపిరి నచ్చలేదు. ఫోన్లో క్రికెట్ పెట్టుకుంటాడు, ఓవర్ మొదలయ్యాక గుచ్చమంటాడు. అతని నొప్పి రెండట, నాకన్నా తక్కువ. పెద్దమ్మకి కూడా ఇప్పుడు కొత్త చోట్లలో గుచ్చుతున్నారు. ఐస్ ఇస్తానంటే "చలికి చేతులు కొంకర్లు పోతయ్, నాకొద్దు" అంది. ఊపిరి సంగతి చెబితే నవ్వింది. "గుచ్చేటప్పుడు నా మనవడి ముచ్చట అడుగుమను, చాలు" అంది. మా టెక్నీషియన్ చర్మం లాగి పట్టుకుని "అమెరికాల పిల్లగాడు ఏమంటున్నడు పెద్దమ్మా?" అని అడుగుతాడు. ఆమె మొదలుపెడుతుంది. రెండు సూదులూ దిగి, టేపు వేసి, మిషన్ తిరగడం మొదలైనా మనవడు ఇంకా హైదరాబాద్ ఎయిర్‌పోర్టు దాటడు.